సొంతూరికి కారులో వెళ్తున్నారా? హైవే మీద పెట్రోలు ఖర్చు తగ్గించుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళం దాకా ఏటా రెండు మూడుసార్లు కారులో వెళ్లొస్తుంటాను. సంక్రాంతి దగ్గరపడితే చాలు, చుట్టాలు, ఆఫీసువాళ్లు, మా అపార్ట్‌మెంట్‌వాళ్లు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. బెంగళూరు, తిరుపతి వైపు వెళ్లేవాళ్లకు కావాల్సినవీ కొన్ని కలిపాను.

ఇంత జాగ్రత్త పడితే నిజంగా ఎంత మిగులుతుంది?

హైదరాబాద్ నుంచి విశాఖకు సుమారు 620 కిలోమీటర్లు. రానూపోనూ 1,240. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే దాదాపు 83 లీటర్లు పడుతుంది. అదే కారు 18 ఇస్తే 69 లీటర్లతో సరిపోతుంది. తేడా 14 లీటర్లు. లీటరు 108 రూపాయలు అనుకుంటే 1,500 రూపాయలు మిగిలినట్టే. పెట్రోలు కారులో 15ను 18కి తేవడం పెద్ద కష్టమేమీ కాదు. స్పీడు, బయల్దేరే టైము, నెత్తిన క్యారియర్, ఈ మూడింటిలోనే ఆ తేడా దాదాపు అంతా వచ్చేస్తుంది. బంకు దగ్గర జనం చెప్పుకునే చిట్కాలతో మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు.

ఏ స్పీడులో పోతే మైలేజీ బాగుంటుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. కాస్త వివరంగా చెప్తాను.

ఊళ్లో కారుకు ప్రధాన ఖర్చు ఆగడం, మళ్లీ కదలడం. హైవే ఎక్కాక గాలిని చీల్చుకుంటూ పోవడమే పెద్ద ఖర్చు. స్పీడు పెరిగిన లెక్కలోనే గాలి అడ్డు పెరిగితే బాధ లేదు. కానీ అది స్పీడుకు వర్గం చొప్పున పెరుగుతుంది. 80లో వెళ్లేటప్పుడు ఉన్న గాలి అడ్డు, 100కు వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120కి వచ్చేసరికి రెండుంపావు రెట్లు.

పెట్రోలియం శాఖ కింద పనిచేసే ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్ఏ ఎప్పటి నుంచో 45–55 కిలోమీటర్ల స్పీడే మంచిదని చెబుతోంది. పెట్రోలు లెక్క వరకు అది సరైనదే. అయితే నాలుగు లైన్ల హైవేలో వెనక బస్సులు 90లో వస్తుంటే మీరు 50లో పోవడం ప్రమాదం. నా అనుభవంలో 80కీ 90కీ మధ్య ఒకే తీరుగా పోవడం అన్ని విధాలా మంచిది. ఇంజన్ టాప్ గేర్‌లో హాయిగా తిరుగుతుంది, మీకూ అలసట ఉండదు. రోడ్డు పక్క బోర్డు మీద అంతకన్నా తక్కువ లిమిట్ ఉంటే అదే పాటించండి.

"లేటవుతుంది కదా" అంటారు. విజయవాడ దాకా 270 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 100లో పోతే 2 గంటల 42 నిమిషాలు, 90లో పోతే సరిగ్గా 3 గంటలు. మిగిలేది 18 నిమిషాలు. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆగితే ఒక దోశ వచ్చేలోపు అయిపోయే సమయం అది.

స్పీడు అంకె ఒక్కటే చూసుకుంటే చాలదు. 110కి తొక్కి, ముందు లారీ రాగానే బ్రేకు వేసి, మళ్లీ 110కి తొక్కేవాళ్లను చూస్తుంటాం. బ్రేకు వేసిన ప్రతిసారీ అంతవరకు పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారి పోయినట్టే. ముందు వాహనానికి మంచి దూరం ఉంచి, అర కిలోమీటరు ముందు ఏం జరుగుతోందో చూస్తూ, స్లో అవ్వాలనిపిస్తే ముందుగానే ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీసేయండి. బ్రేకు అవసరం సగం తగ్గిపోతుంది.

క్రూజ్ కంట్రోల్ పెట్టుకుంటే మంచిదేనా?

చదునైన రోడ్డు మీద, ట్రాఫిక్ తక్కువ ఉన్నప్పుడు మంచిదే. కాలు తెలియకుండానే బరువెక్కి స్పీడు పెరిగిపోవడం ఉండదు. ఎత్తుపల్లాలు ఎక్కువున్న చోట మాత్రం అది స్పీడు నిలబెట్టడానికి ఎక్కుడులో గట్టిగా తొక్కుతుంది. అక్కడ తీసేసి మీరే నడపండి. ఎక్కుడులో అయిదారు కిలోమీటర్లు స్పీడు తగ్గినా పట్టించుకోవద్దు, దిగుడులో అదే వస్తుంది. వానలో క్రూజ్ వద్దు.

దిగుడులో న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందంటారు. నిజమేనా?

కాదు. ఈ అలవాటు దయచేసి మానేయండి. ఇది కార్బ్యురేటర్ కార్ల కాలం నుంచి నోటినోటా వచ్చిన మాట.

ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండగా ఎక్సలేటర్ మీద నుంచి పూర్తిగా కాలు తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఆ సంగతి కారు కంప్యూటర్‌కు తెలిసి ఇంధనం పంపడం ఆపేస్తుంది. అంటే ఆ కాసేపు పెట్రోలు ఖర్చు సున్నా. అదే న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా తనంతట తాను తిరగాలి, అందుకు పెట్రోలు కావాలి. పొదుపు అనుకుని చేసే పనికి ఖర్చే ఎక్కువ.

అంతకంటే ముఖ్యం ప్రాణం. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట వైపు వచ్చేటప్పుడు, తిరుమల ఘాట్ దిగేటప్పుడు, న్యూట్రల్‌లో ఉంటే కారును ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇంకొందరు ఏకంగా ఇంజనే ఆపేస్తారు. అప్పుడు రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఒకసారి అరకు నుంచి దిగుతుంటే ముందు కారు చక్రాల నుంచి పొగ రావడం చూశాను. హారన్ కొట్టి ఆపించాం. ఇద్దరు చిన్నపిల్లలున్నారు అందులో. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు, అంతే గుర్తుపెట్టుకోండి.

లారీ వెనకే ఆనుకుని పోతే గాలి అడ్డు తగ్గుతుందట?

తగ్గుతుంది. కానీ తగ్గాలంటే ఎంత దగ్గరగా పోవాలో, అంత దగ్గర్లో ఉంటే లారీ బ్రేకు వేసినప్పుడు మీకు ఆగే వ్యవధి ఉండదు. రాత్రిపూట వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీలు ఎన్ని తిరుగుతాయో మన రోడ్లమీద తెలియంది కాదు. ఆలోచించకండి.

ఏసీ వేయాలా, అద్దాలు దింపాలా?

ఊళ్లో, 40–50 స్పీడులో అద్దాలు దింపుకుంటే కొంత మిగులుతుంది. హైవేలో 80 దాటాక అద్దాలు దింపితే గాలి లోపలికి కొట్టి కారును వెనక్కి లాగుతుంది. అప్పుడు ఏసీయే నయం. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే మాత్రం రెండు నిమిషాలు అద్దాలన్నీ దింపి వేడిగాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేయండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఏసీ లేకుండా వట్టి ఫ్యాన్ చాలు. అద్దాలు మంచు పట్టినట్టు మసకబారితే మాత్రం పొదుపు చూసుకోకుండా ఏసీ వేసి శుభ్రం చేసుకోండి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. అందులో ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఎంత, ఫుల్ లోడుకు ఎంత అని వేరువేరుగా రాసి ఉంటుంది. అయిదుగురు, డిక్కీ నిండా సామాను అయితే రెండో అంకె చూసుకోవాలి. చాలామంది ఈ రెండో అంకె సంగతే గమనించరు.

గాలి చూసేది టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఇంటి దగ్గరి బంకులో, బయల్దేరేముందు. బంకుల్లో గాలి ఉచితంగా కొట్టాలి, అడిగి కొట్టించుకోండి. స్టెప్నీ కూడా చూడమనండి. వంద కిలోమీటర్లు పోయాక చూస్తే వేడికి అంకె ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించకండి.

"ఎండాకాలం గాలి తగ్గించుకోవాలి, లేకపోతే టైరు పేలుతుంది" అని పంక్చర్ షాపుల్లోనూ అంటుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువ ముడుచుకుని, ఇంకా వేడెక్కి పేలుతుంది. నందిగామ దగ్గర మే నెల మధ్యాహ్నం రోడ్డు ఎంత కాలుతుందో తెలిసినవాళ్లు ఆ పొరపాటు చేయకూడదు. నైట్రోజన్ సంగతి అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా పోస్తే పోయించుకోండి, డబ్బు పెట్టనక్కర్లేదు.

పైన క్యారియర్ కట్టి సామాను వేస్తే ఎంత తేడా వస్తుంది?

చాలా వస్తుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం ప్రకారం కారు పైన పెద్ద పెట్టె పెడితే హైవేలో మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా పడిపోతుంది. టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టిన మన మూటలు ఆ పెట్టె అంత నున్నగా కూడా ఉండవు. సామాను డిక్కీలో, సీట్ల కింద సర్దండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు తప్పవు కదా. వాటిని వద్దనమని ఎవరూ చెప్పలేరు. బరువు కన్నా గాలికి అడ్డు ఎక్కువ దెబ్బ, కాబట్టి అవన్నీ లోపల పెట్టుకుని పైన ఖాళీగా ఉంచితే చాలు. ఖాళీ క్యారియర్ అయినా మైలేజీ తింటుంది, పండగ అయిపోయాక విప్పేయండి.

ఏ రాష్ట్రంలో పెట్రోలు కొట్టించాలి?

పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా వ్యాట్ వేస్తుంది. అందుకే సరిహద్దు దాటితే ధర మారుతుంది. కొన్నేళ్లుగా చూస్తే తెలంగాణ కన్నా ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోలు రూపాయో రెండో ఎక్కువ. కర్ణాటక, తమిళనాడు, ఒడిశాల్లో మన రెండు రాష్ట్రాల కన్నా బాగా తక్కువ. 2017 జూన్ నుంచి ధరలు ఏ రోజుకారోజు మారేలా పెట్టారు కాబట్టి, బయల్దేరే రోజు ఫోన్‌లో రెండు చోట్ల ధర చూసుకోండి.

విజయవాడ వైపు అయితే హైదరాబాద్‌లోనో, కోదాడ దాటకముందో నింపుకోండి. జగ్గయ్యపేట వచ్చేసరికి ఆంధ్ర ధర. తిరిగొచ్చేటప్పుడు విజయవాడలో కావాల్సినంతే పోయించుకుని, కోదాడ వచ్చాక మిగతాది. దీని మీద 35 లీటర్లకు మిగిలేది యాభై, డెబ్బై రూపాయలే. దారిలో ఉంది కాబట్టి చేయడం, అంతే.

బెంగళూరు దారిలో లాభం ఎక్కువ. అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే కర్నూలు. అక్కడి నుంచి అనంతపురం, పెనుకొండ మీదుగా బాగేపల్లి దాకా ఆంధ్రే. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుంటే చాలా కార్లు బాగేపల్లి దాకా మళ్లీ పోయించుకోకుండా వెళ్లిపోతాయి. అక్కడ నింపితే లీటరుకు నాలుగైదు రూపాయల తేడా కనిపిస్తుంది. వచ్చేటప్పుడు కూడా కర్ణాటక దాటకముందే ఫుల్ చేయించండి. అలాగే బరంపురం వైపు వెళ్లేవాళ్లు ఇచ్ఛాపురం దాటాక.

యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కనుక అక్కడ ఇంకా చవక. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే 216 నంబరు హైవే యానాం మీదుగానే పోతుంది, ఆ దారిలో వెళ్లేవాళ్లు తప్పకుండా వాడుకోవచ్చు. కానీ రాజమండ్రి నుంచి విశాఖ వెళ్తూ దానికోసం పక్కకు తిరగడంలో అర్థం లేదు. చుట్టూ తిరగడానికి అయ్యే పెట్రోలు, సమయం లెక్కేస్తే మిగిలేది ఉండదు.

ఒక్క మాట. పది రూపాయల కోసం రిజర్వ్ లైటు వెలిగాక కూడా "ఇంకో బంకు చూద్దాం" అని లాగకండి. కుటుంబంతో రాత్రిపూట రోడ్డు పక్కన ఆగిపోతే ఆ టెన్షన్‌కు ధర కట్టలేం.

సంక్రాంతికి ఏ టైములో బయల్దేరాలి?

స్పీడు తర్వాత మీ ఖర్చును తేల్చేది ఇదే. పండగ ముందు హైదరాబాద్‌లో ఎల్బీ నగర్, హయత్‌నగర్ దాటడానికే గంట పట్టొచ్చు. ఆ తర్వాత చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్. ఫస్టు గేరులో కదలడం, ఆగడం, కదలడం. ఆ రెండు గంటల్లో కారిచ్చే మైలేజీ హైవేలో వచ్చే దాంట్లో సగం కూడా ఉండదు. ఒకే చోట ఆగి ఇంజన్ తిరిగినా గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది, ఏసీ ఉంటే పైకే.

భోగికి ముందు రోజు, ఆ ముందు రోజు సాయంత్రాలు ఆఫీసు అయిపోగానే అందరూ ఒకేసారి బయల్దేరతారు. సెలవు దొరికితే ఇంకో రోజు ముందుకు జరపండి. లేదంటే రాత్రి త్వరగా పడుకుని తెల్లవారుజామున 4 గంటలకు ఇల్లు వదలండి. నిద్ర లేకుండా అర్ధరాత్రి బయల్దేరడం మాత్రం ఒప్పుకోను, తెల్లవారుజామున రెప్ప పడేది ఆ డ్రైవర్లకే.

గచ్చిబౌలి, కూకట్‌పల్లి వైపు ఉండేవాళ్లు నగరం మధ్యలోంచి రాకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగండి. దూరం ఎక్కువ, టోలు కూడా కట్టాలి, అయినా పెట్రోలు తక్కువే అవుతుంది. గుంటూరు వెళ్లేవాళ్లకు ఔటర్ మీద బొంగులూరు దగ్గర దిగి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా దారి ఉంది. ఒంగోలు, నెల్లూరు, తిరుపతి వైపు అయితే నార్కట్‌పల్లి దగ్గర తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి. పండగ రోజుల్లో విజయవాడ వెళ్లే 65 నంబరు హైవే నిండిపోయినప్పుడు ఈ దారులు నిజంగా ఆదుకుంటాయి.

టోల్‌గేట్ దగ్గర ఇంజన్ ఆపాలా?

క్యూ కదులుతుంటే వద్దు. నిమిషం పైన కదలకుండా ఉంటే ఆపేయండి. ఇప్పటి కార్లకు మళ్లీ స్టార్ట్ చేయడానికి ఎక్కువ పెట్రోలు పట్టదు.

టోలు ఖర్చు తగ్గించే మార్గం ఉందా?

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. 3,000 రూపాయలతో మొదలైంది, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మన దారిలో ఒక గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు, అంటే గేటుకు 15 రూపాయలు పడింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, విజయవాడ దాటాక మరో అయిదారు. ఏటా రెండుసార్లు విశాఖ వెళ్లొచ్చినా లెక్క గిట్టుబాటు అవుతుంది. జాతీయ రహదారులకే అది పనికొస్తుంది, హైదరాబాద్ ఔటర్‌కు విడిగా కట్టాలి. పాస్ లేకపోతే ఫాస్టాగ్‌లో డబ్బు ముందురోజే చూసుకోండి. ఖాళీగా ఉంటే గేటు దగ్గర ఎక్కువ కట్టాల్సి వస్తుంది, వెనకాల క్యూ మొత్తం ఆగుతుంది.

పొద్దున్నే కొట్టిస్తే ఎక్కువ వస్తుందా? 500 బదులు 510కి కొట్టించమంటారు?

బంకులో పెట్రోలు భూమిలోపలి ట్యాంకులో ఉంటుంది, పొద్దుటికీ మధ్యాహ్నానికీ దాని వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. 510 చిట్కాతో కూడా ఒరిగేదేమీ లేదు. అనుమానం ఉంటే ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. మీటరు సున్నా చూడండి, దిగి నిలబడి చూడండి. నాకు ఒకసారి హైవే బంకులో ఒకతను అద్దం తుడుస్తానంటూ మాటల్లో పెట్టాడు, ఆ లోపు పాత అంకె మీదే కొట్టేశారు. అప్పటి నుంచి ప్రతిసారీ కారు దిగుతాను. గొట్టం దానంతటది ఆగాక ఇంకా కుక్కించవద్దు.

ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయిస్తే మైలేజీ పెరుగుతుందా?

మీ కారు మాన్యువల్‌లో ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసి ఉంటే పోయించండి. మామూలు కారుకు దానికి పెట్టిన అదనపు డబ్బు మైలేజీ రూపంలో తిరిగి రాదు.

ఈ20 వచ్చాక మైలేజీ తగ్గిందనిపిస్తోంది. నా కారులో లోపమా?

లోపం కాకపోవచ్చు. ఈ20 అంటే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. అందుకే కొంత తగ్గడం సహజం. ఈ20కి సర్దిన కార్లలో 1–2 శాతం, మిగతావాటిలో 3–6 శాతం తగ్గొచ్చని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. 18 ఇచ్చే కారు 17 ఇస్తోందంటే కంగారు వద్దు. 13కి పడిపోతే మెకానిక్‌కు చూపించండి.

కంపెనీ 22 అంది, నాకు 16 వస్తోంది. మోసమా?

ఆ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ లేకుండా, 90 దాటని స్పీడులో తీసింది. ఒక కారును ఇంకో కారుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ అసలు మైలేజీ కావాలంటే ట్యాంకు నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో దానితో కిలోమీటర్లను భాగించండి. రెండుసార్లూ గొట్టం ఆగిన చోటే ఆపాలి. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంటుంది.

బయల్దేరేముందు సర్వీసింగ్ తప్పదా?

గడువు దగ్గరపడితే చేయించండి, లేకపోతే అవసరం లేదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము, వీల్ అలైన్‌మెంట్, బ్రేకులు పట్టేస్తున్నాయా, ఇవి మూడు చూపించండి. చదునైన చోట న్యూట్రల్‌లో చేత్తో తోస్తే కారు తేలిగ్గా కదలాలి. బరువుగా ఉంటే ఏదో చక్రం పట్టేస్తోంది. సర్వీసింగ్ ప్రయాణానికి వారం ముందే అయిపోవాలి. ముందురోజు చేయిస్తే వచ్చిన కొత్త తేడాలు హైవేలో తెలుస్తాయి.

ఇద్దరమే వెళ్తున్నాం. కారు తీయాలా?

డబ్బు ఒక్కటే చూసుకుంటే వద్దు. విశాఖకు రానూపోనూ పెట్రోలే 7,500 నుంచి 9,000 రూపాయలు, దానిపైన టోలు. రైల్లో స్లీపరో, థర్డ్ ఏసీయో దొరికితే ఇద్దరికి అంతకన్నా బాగా తక్కువలో అయిపోతుంది. నలుగురైదుగురు ఉంటే, లేదా దిగాక ఊళ్లు తిరిగే పని ఉంటే కారే లాభం. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులతో ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కలేకపోతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి కారులోనే తీసుకెళ్లండి. ప్రతి రెండు గంటలకు ఆపండి, కాళ్లు చాపుకోనివ్వండి.